ఒకరి తాతను ఒకరు వెతుకుతున్నాం: ప్రాజెక్టు డైరీ

ఉగాది వారం

రూలు ఒక్కటే. ఎవరి వంశం వాళ్లు వెతుక్కోకూడదు.

మేం ఐదుగురం. కాకినాడలో పొద్దున్నే వాకింగులో కలిసే గుంపు. రిటైరైన లెక్కల మాస్టారు, దస్తావేజులు రాసే బాబాయ్ (నాకు చుట్టమేం కాదు, ఊరందరికీ బాబాయే), సర్కారు ఆస్పత్రిలో చేసి దిగిపోయిన నర్సక్క, కరీంనగర్ నుంచి కోడలిగా వచ్చి ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే అమ్మాయి, బ్యాంకులో పనిచేసే నేను. వంశవృక్షం గీయాలన్న సరదా అందరికీ ఉంది. ఎవరికి వాళ్లం మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లమే. సొంత ఇంట్లో అడిగితే "ఇప్పుడెందుకే అవన్నీ" అంటారు. లేదంటే పొలం పంపకాల కోసం కూపీ లాగుతున్నామని అనుమానపడతారు. అదే పిల్ల స్నేహితురాలు వెళ్లి అడిగితే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెబుతారు. మార్పిడి ఆలోచన అక్కణ్ణుంచే వచ్చింది.

చీటీలు వేశాం. నాకు బాబాయ్ వంశం వచ్చింది. బాబాయ్‌కి మాస్టారిది, మాస్టారికి కరీంనగర్ అమ్మాయిది, ఆ అమ్మాయికి నర్సక్కది, నర్సక్కకి నాది. గొలుసు భలే కుదిరింది.

మనిషికో కార్డు. పేరు, ముద్దుపేరు, ఇంటిపేరు, ఆడవాళ్లకైతే పుట్టింటి పేరు తప్పనిసరి, ఊరు. చివరి గడిలో ఎవరు చెప్పారు, ఏ కాగితంలో ఉంది అన్నది రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే కార్డు చెట్టెక్కదు. ఇది మాస్టారి పట్టు: "స్టెప్పులు రాయకపోతే ఆన్సరు కరెక్టైనా మార్కులుండవు." ఆధారం లేని గొప్పలకి విడిగా ఒక పేజీ పెట్టి "అంటుంటారు" అని పేరు పెట్టాం. మొదటి వారానికే నిండిపోయింది. అందరి ముత్తాతలూ పిఠాపురం రాజావారి దివానులే. ఈ లెక్కన సంస్థానంలో రైతులకంటే దివానులే ఎక్కువ ఉండి ఉండాలి.

ఎండలు ముదిరాక

బాబాయ్ ఇంటి అటక దించాం. కాగితాల కోసం వెతకబోతే కాగితాలు చెదలపాలయ్యాయి. మిగిలింది ఇత్తడి సామాను. నిజానికి మొదలు పెట్టాల్సింది అక్కడే. మన ఇళ్లలో గిన్నె కొన్నా, ఇచ్చినా పేరు కొట్టించకుండా ఉండరు. ఎవరు, ఎవరికి, ఏ శుభకార్యానికి ఇచ్చారో అంచు మీదే ఉంటుంది.

ఒక పెద్ద గుండిగ మెడ కింద ఏవో చుక్కలు చేతికి తగులుతున్నాయి కానీ కంటికి కనిపించడం లేదు. పిన్ని చింతపండు పట్టుకొచ్చింది, తోమేస్తానని. వద్దని బతిమాలాం. అరిగిపోయిన చుక్కల్ని మళ్లీ తోమితే ఇక మిగిలేదేం ఉండదు. పొడిగుడ్డతో దుమ్ము దులిపి, చిటికెడు బియ్యప్పిండి రాసి, పైపైన తుడిచేశాం. గుంటల్లో మాత్రం పిండి నిలిచింది. తర్వాత తలుపులు మూసి గది చీకటి చేశాం. ఫోను టార్చి ఎదురుగా వేస్తే ఇత్తడి మెరుపు తప్ప ఏమీ రాదు. గిన్నె పక్కకే ఆనించి, వాలుగా వేయాలి. అప్పుడు ఒక్కో చుక్కకీ నీడ పడి అక్షరం పైకి లేస్తుంది. టార్చి పక్కలు మారుస్తూ ఫొటోలు తీసి, తర్వాత ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదివాం. ఒక ఫొటోలో "ర" అనుకున్నది ఇంకో ఫొటోలో "ధ" అని తేలింది.

చివరికి తేలింది ఇదీ: ఇంటిపేరు మొదటి అక్షరం, బాబాయ్ తాతగారి పేరు, "కుమారుని బారసాలకు", "రంగూన్", "ధాత".

ధాత నామ సంవత్సరం అంటే 1936-37. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి 1876-77 కూడా కావచ్చు, 1996-97 కూడా కావచ్చు. పాత రాతల్లో ఇదే చిక్కు. వారం, తిథి రెండూ ఉంటే పాత పంచాంగాలతో సరిచూసుకోవచ్చు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. 1876కి ఆ తాతగారు పుట్టనే లేదు, 1996కి కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆయనకి కొడుకు ఒక్కడే, బాబాయ్ వాళ్ల నాన్న. అంటే బాబాయ్ నాన్నగారు పుట్టింది ధాతలో, రంగూన్‌లో.

మరి ఆయన సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ 1-7-1939. ఆ రోజుల్లో బళ్లో వేసేటప్పుడు అక్కడి పంతులు వేసిన తేదీ అది. మన పాత తరం ఉద్యోగుల్లో సగం మంది జులై ఒకటినే పుట్టారు. బాబాయ్ కాసేపు లెక్క చూసుకుని, "అయితే నాన్న రెండుమూడేళ్లు ఎక్కువే నౌకరీ చేశాడన్నమాట" అని నవ్వాడు. కార్డు మీద రెండు తేదీలూ రాశాం, పక్కన ఒకదానికి "గుండిగ", ఇంకోదానికి "సర్వీసు రిజిస్టరు" అని.

వేసవి చివర

బాబాయ్ మేనత్తగారిని చూడ్డానికి తాళ్లరేవు వైపు వెళ్లాను. తొంభై దాటాయి. వినికిడి తగ్గింది కానీ జ్ఞాపకం గట్టిది. కోరంగి అక్కడికి పక్కనే. ఈ తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన మన కూలీల్ని బర్మాలో "కొరంగీ"లనే పిలిచేవారు. రంగూన్ (ఇక్కడి పెద్దవాళ్ల నోట "రంగం") రేవులో మూటలు మోసిందీ వీళ్లే. 1930 మే నెలలో జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నదీ ఆ రేవు కూలీలే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులు. 1937లో బర్మాను విడదీసేదాకా అదంతా ఒకే బ్రిటిష్ ఇండియా. రాజమండ్రి వెళ్లొచ్చినట్టు వెళ్లొచ్చేవారు.

ముసలివాళ్లని సంవత్సరం అడగకూడదని ఈ ప్రాజెక్టులో అందరం త్వరగానే తెలుసుకున్నాం. తుఫానులు, వరదలు, పుష్కరాలు అడగాలి. "1953 వరదకి పెళ్లయిందా?", "1967 పుష్కరాలకి పెద్దాడు నడుస్తున్నాడా?" అంటే టక్కున చెబుతారు. ఆమెని నేను మొదట మామూలుగానే అడిగాను.

"మామ్మగారూ, రంగం నుంచి ఎప్పుడొచ్చేశారు?"

"ఎప్పుడంటే ఏం జెప్పనమ్మా. యుద్ధంలో."

"ఓడలో మీ పక్కన ఎవరు పడుకున్నారు?"

ఆమె నా వైపు తిరిగి సరిగ్గా కూర్చుంది. "అమ్మ, నేను, తమ్ముడు. మా ఎదురింటి అత్త. నాన్నా చిన్నాన్నా రేవులోనే ఆగిపోయారు. టిక్కెట్లు ఆడోళ్లకీ పిల్లలకే దొరికినయ్యి. తరవాత నాన్న నడిచొచ్చాడు, మణిపూరు కొండల మీంచి. కాళ్లు ఇంతింత వాచిపోయి, గెడ్డంతో. నేను గుర్తుపట్టలేదు."

"చిన్నాన్నగారు?"

"రాలేదు."

జపాన్ వాళ్లు రంగూన్ మీద మొదటిసారి బాంబులు వేసింది 1941 డిసెంబరు 23న. నగరం వాళ్ల చేతికి చిక్కింది 1942 మార్చి 8న. ఆ నడుమ ఓడల్లో చోటు దొరికినవాళ్లు ఓడల్లో, దొరకనివాళ్లు అరకాన్ దారినో మణిపూర్ దారినో కాలినడకన, లక్షల మంది బయల్దేరారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో రాలిపోయినవాళ్లకి పూర్తి జాబితా ఎక్కడా లేదు. మామ్మగారి కుటుంబం ఓడ దిగి ఊపిరి తీసుకునేలోపే ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి. "అక్కడ తప్పించుకుని ఇక్కడికొస్తే ఇక్కడా అదే" అందామె, నవ్వుతూనే. కాబట్టి వాళ్లు ఓడ దిగింది 1941 డిసెంబరు చివరికీ 1942 ఏప్రిల్ 6కీ మధ్య. కార్డులో అలాగే రాశాను.

బాబాయ్‌కి ఫోను చేశాను. చిన్నతాత ఒకాయన ఉన్నాడన్న సంగతే అతనికి తెలియదు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. మామ్మగారిని పేరడిగితే ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదత్తా" అని బాబాయ్ ఫోనులో అడిగితే, "ఎవరడిగార్రా?" అంది.

ఆషాఢం

బాబాయ్ వంతు. మాస్టారి పూర్వీకులది కోనసీమ. దస్తావేజులు రాసేవాడి చేతికి వంశవృక్షం పని ఇస్తే ఏమవుతుందో ఈ నెల చూశాం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత నకళ్లు పెట్టించి, ఆదివారం మా అందరికీ క్లాసు తీసుకున్నాడు.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకి వెళ్లి వెతికించుకోవాల్సిందే. పాత క్రయ దస్తావేజు మొదటి నాలుగు లైన్లలోనే ఒక కుటుంబం కనిపిస్తుంది: ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు ఫలానా వారి కుమారుడు, వృత్తి, ఎవరికి రాసిస్తున్నాడో ఆయన తండ్రి పేరు. ఆ "కీర్తిశేషులు" ఒక్కటి చాలు, తండ్రి ఆ తేదీకి ముందే పోయాడని రాసుకోవచ్చు. చతుస్సరిహద్దుల్లో తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఎవరిది అని ఉంటుంది. ఆ పేర్లలో ఒకరిద్దరు అన్నదమ్ములే అయ్యుంటారు, తండ్రి భూమి పంచుకున్నారు కాబట్టి. అడుగున సాక్షులుంటారు. చుట్టాలు కాకుండా సాక్షి సంతకం పెట్టేవాళ్లు తక్కువ. చదువు రానివాళ్లయితే నిశాని (వేలిముద్ర), దాని చుట్టూ పేరు.

బాబాయ్ తీసిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒక దఖలు దస్తావేజు. మాస్టారి ముత్తాత తన కూతురికి పసుపు కుంకుమల కింద కొంత పల్లపు భూమి రాసిచ్చాడు. మాస్టారి ఇంట్లో మగవాళ్ల పేర్లు ఐదు తరాలు పైకి గడగడా చెబుతారు. ఆడపిల్లల పేర్లు తాత తరం దగ్గరే ఆగిపోయాయి. ఈ కాగితంలో కూతురి పేరు, ఆమె మెట్టినింటి పేరు, ఏ ఊరికి ఇచ్చారో, తల్లి పేరుతో సహా ఉన్నాయి. మూడు కొత్త కార్డులు ఒక్క పేజీలోంచి. మాస్టారు ఆ నకలుని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చదివారు. తర్వాత "ఈ ఊళ్లో మాకు చుట్టాలున్నట్టు నాకెవరూ చెప్పలేదే" అన్నారు. వచ్చే వారం ఆ ఊరు వెళ్తామని బాబాయ్ అప్పటికే అవతలివాళ్లతో మాట్లాడేశాడు.

రెవెన్యూ రికార్డుల సంగతి కూడా రాసుకోవాలి, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది. రైత్వారీ ఊళ్లకైతే, అంటే రైతులు నేరుగా సర్కారుకే శిస్తు కట్టిన ఊళ్లకైతే, బ్రిటిష్ కాలం నాటి ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) ఉంటుంది, దాన్నే డైగ్లాట్ అంటారు. జమీందారీ ఊళ్లకి అది దొరకదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఊరి భూముల రిజిస్టరు) అడగాలి. మీ ఊరు ఏ కోవలోదో తెలియకుండా అర్జీ పెడితే "రికార్డు లేదు" అని తిరిగొస్తుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక కొన్ని కాగితాలు పాత కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆ ఇళ్లకి ఊరికే వెళ్లకూడదు, అరటిపళ్లు తీసుకెళ్లాలి.

శ్రావణం

నర్సక్క నా వంశం మీద పడింది. ఆమె పద్ధతే వేరు. వెళ్లిన ఇంట్లో ముందు అందరికీ బీపీ చూస్తుంది. మందులు వేసుకుంటున్నారా లేదా అని కోప్పడుతుంది. ఆ తర్వాత ఏమడిగినా చెబుతారు. మా పెద్దమ్మ నాకు నలభై ఏళ్లుగా చెప్పని సంగతి ఆమెకి బీపీ పట్టీ విప్పేలోపు చెప్పేసింది: మా ముత్తాతని ఆయన పెదతల్లి భర్త దత్తత తీసుకున్నాడట. అంటే నేను బ్యాంకు ఉద్యోగంలో చేరేదాకా సంతకంలో పెట్టుకున్న ఇంటిపేరు రక్తం చొప్పున మాది కాదు. దత్తత కాగితం దొరికేదాకా ఇది "అంటుంటారు" పేజీలోనే ఉంటుంది. ఉండాలి కూడా.

అసలు తలనొప్పి సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. గ్రాంప్స్ అని ఉచితంగా దొరికేదాన్నే వాడుతున్నాం. మా వైపు మేనరికాలు జాస్తి. మా నాయనమ్మ తన మేనమామనే చేసుకుంది. అంటే ఆవిడ తల్లి ఆవిడకి ఆడపడుచు కూడా అయింది. అమ్మమ్మ తాతయ్యలే అత్తమామలు. ఇలాంటివి రెండు తరాల్లో మూడున్నాయి. ఇది చెట్టు కాదు, ముగ్గు. మామూలు వంశవృక్షం చార్టు తీస్తే ఒకే మనిషి రెండు మూడు చోట్ల కనిపిస్తున్నాడు. చూసినవాళ్లు ముత్తాతకి ముగ్గురు కవల సోదరులనుకుంటారు. కరీంనగర్ అమ్మాయి రెండు రాత్రులు కూర్చుని, సంబంధాల గ్రాఫు రూపంలో తీస్తే ఒక్కో మనిషి ఒక్కసారే వచ్చేలా అమర్చింది. గీతలు అడ్డదిడ్డంగా ఉన్నా నిజం అదే.

ఇంకో చిక్కు, తాత పేరు మనవడికి పెట్టడం. మా ఇంట్లో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. ఇప్పుడు ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు రాస్తున్నాం, దస్తావేజుల్లో రాసినట్టే.

భాద్రపదం

మహాలయ పక్షం. తర్పణాలు వదిలే ఇళ్లలో ఈ పదిహేను రోజులూ పేర్ల పండగే. తండ్రి, తాత, ముత్తాత; తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు; తల్లి వైపు మళ్లీ మూడు తరాలు. మాస్టారి తండ్రిగారు ఈ పేర్లన్నీ గోత్రాలతో సహా రాసి పెట్టుకున్న చిన్న పుస్తకం, పూజ పెట్టెలో, బాబాయ్‌కి దొరికింది. దఖలు దస్తావేజులో తల్లిగా ఉన్న ఆవిడ పేరు ఇందులోనూ ఉంది. రెండు వేర్వేరు కాగితాల్లో ఒకే పేరు దొరికినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో చేసే గోల చూసి ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నారు.

అమావాస్య నాడు బాబాయ్ ఎప్పటిలా స్వయంపాకం ఇచ్చాడు. ఈసారి బియ్యం, పప్పు, కూరలు ఇంకో వంతు కూడా కట్టాడు, మణిపూరు దారిలో మిగిలిపోయిన చిన్నతాత పేరు మీద.

నర్సక్క ఇంట్లో తర్పణాలు లేవు, గోత్రమూ లేదు. వాళ్లది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు 1874లో కాకినాడ వచ్చారు. ఆ మిషన్ చర్చిలో అక్క ముత్తవ్వ బాప్తిస్మం తీసుకుంది. కరీంనగర్ అమ్మాయి చర్చి రిజిస్టరు చూసి ఆ తేదీని పుట్టినతేదీ గడిలో ఎక్కించబోతే అక్క ఆపింది: "మాలో పసిపిల్లలకి ఇవ్వరమ్మా, బుద్ధి తెలిశాకే." ఆ తేదీకి పదేళ్లు ఉండొచ్చు, నలభై ఉండొచ్చు. ఇక్కడి రిజిస్టరులో మధ్య పేజీలు చెదలు తినేసింది. మిషనరీల పాత కాగితాలు కెనడాలో హామిల్టన్ నగరంలో, మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీ వాళ్ల బాప్టిస్టు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ అమ్మాయి వాళ్లకి మెయిలు పెట్టింది.

కార్తీకం

మాస్టారికి ఇన్నాళ్లకి తన సబ్జెక్టు దొరికింది. కరీంనగర్ వైపు రికార్డులు నిజాం కాలం నాటివి ఉర్దూలో ఉంటాయి, సంవత్సరాలు ఫసలీ అనే రెవెన్యూ లెక్కలో. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది, 1358 ఫసలీ అంటే 1948లో మొదలైనది. ఫసలీ ఏడాది జనవరిలో మొదలవదు కాబట్టి ఎప్పుడూ రెండు సంవత్సరాలు కలిపి రాయాలని మాస్టారు బోర్డు మీద రాసినంత గట్టిగా చెప్పారు. 1954-55 ఖాస్రా పహాణీలో (ఊరి భూముల రికార్డు) అమ్మాయి తాతగారి పేరు పట్టాదారుగా కనిపించింది. సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు) నకలు కూడా దొరికింది కానీ మాలో ఎవరికీ ఉర్దూ రాదు. మాస్టారితో పాటు పనిచేసిన ఉర్దూ పంతులుగారు ఒకాయన చదివి పెడుతున్నారు. ఆయనకి కూడా తన వంశం వెతికించుకోవాలని ఉందట. గొలుసులో ఆరో మనిషికి చోటు చేయాలి.

ఈ నెల ఒకరి కాగితాల్లో ఇంట్లో తెలియని రెండో కుటుంబం బయటపడింది. ఎవరిదో రాయను. వెతికినవాళ్లు ముందు ఆ స్నేహితుడితో విడిగా మాట్లాడాలి, గ్రూపులో పెట్టాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. అలాగే జరిగింది. బతికున్నవాళ్ల వివరాలు ఫైల్లోంచి తీసేసి వేరుగా దాచాం. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఇలాంటిది సొంత ఇంట్లో సొంతంగా దొరికితే నేనైతే చెప్పకుండా మడిచి పెట్టేసేదాన్ని.

సంక్రాంతి వారం

కనుమ నాడు నర్సక్క ఇంట్లో అందరం భోజనం. ఐదు ఫైళ్లూ టేబులు మీద పెట్టి, ఎవరి వంశం వాళ్లకి అప్పుడే మొదటిసారి పూర్తిగా చూపించాం. మాస్టారు తన దాంట్లో ఆడవాళ్ల కార్డులు మగవాళ్లకంటే ఎక్కువ ఉన్నాయని రెండుసార్లు లెక్కపెట్టారు. కొత్తగా దొరికిన చుట్టాలు ఆయనకి అరిసెలు పంపారు. పాకం కాస్త ముదిరింది, అయినా ఒక్కటీ మిగల్లేదు.

మిగిలిన పనులు: మెక్‌మాస్టర్ నుంచి జవాబు రాలేదు, మళ్లీ రాయాలి. నా దత్తత కాగితం కోసం బాబాయ్ ఈసారి పెద్దాపురం వైపు చూస్తానన్నాడు. మామ్మగారి మాటలు ఇంకోసారి రికార్డు చేయాలి, ఈసారి మంచి మైకుతో, ఫ్యాను ఆపి. 2027లో గోదావరి పుష్కరాలకి అందరి చుట్టాలూ రాజమండ్రి వస్తారు. ఇచ్చే కార్డులు ముందుగానే అచ్చు వేయించి, పుట్టింటి పేరు గడి పెద్దగా పెట్టించాలి. ఉర్దూ పంతులుగారి వంశం ఎవరికి ఇవ్వాలో వచ్చే ఆదివారం చీటీ వేస్తాం.